రూల్సు పుస్తకం మారితే పాతవాళ్ళ గతేమి?

ఈ నెల మన ఊరి పాత సత్రం చరిత్ర రాస్తామని చెప్పి ఉన్నాము. దాన్ని వచ్చే నెలకు పెట్టుకుందాము. ఈసారి ఒక ఆట సంగతి రాస్తున్నాము. చదవడం మొదలుపెట్టగానే "ఈ వయసులో వీరికి ఆటలేమిటి" అని నవ్వుకుంటారు. నవ్వండి, కానీ చివరిదాకా చదవండి. వచ్చే ఆదివారం మన సర్వసభ్య సమావేశంలో చర్చకు రాబోయే విషయానికీ దీనికీ సంబంధం ఉంది.

సెలవులకు మా కూతురి కూతురు చెన్నై నుంచి వచ్చింది. కాలేజీలో రెండో సంవత్సరం. చేతిలో ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. రాత్రి అన్నాల దగ్గర ఉన్నట్టుండి "తాతా, నన్ను ఈ పుస్తకంలోనించి తీసేసినారు" అన్నది. రేషన్ కార్డా, ఓటర్ లిస్టా అని మేము హడలిపోయినాము. అది కాదట. ఆ పుస్తకం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆటకు రూల్సు పుస్తకం. 2014లో వచ్చిన పుస్తకాన్ని సవరించి 2024లో కొత్తది వేసినారు. పాత పుస్తకంలో ఉండే 'హాఫ్-ఎల్ఫ్' అనే జాతి కొత్త పుస్తకంలో లేదు. మా పిల్ల మూడేళ్ళుగా తన స్నేహితులతో ఆడుతున్నది ఆ హాఫ్-ఎల్ఫ్ పాత్రనే. ఎల్ఫ్ అంటే మొనదేలిన చెవులు, దీర్ఘాయుస్సు ఉన్న ఒక అడవి జాతి. హాఫ్-ఎల్ఫ్ అంటే అమ్మానాన్నల్లో ఒకరు ఎల్ఫ్, ఒకరు మనిషి.

"అన్ని జాతులుండగా నీకు అదే ఎందుకమ్మా?" అని మా ఇంటామె అడిగింది.

"నేను అట్లనే కదా అవ్వా. అప్పా ఇంట్లో తమిళం, మీ ఇంట్లో తెలుగు. అక్కడ పోతే తెలుగు పిల్ల అంటారు, ఇక్కడ వస్తే తమిళ పిల్ల అంటారు" అన్నది, చారు పోసుకుంటూ.

మేమిద్దరం ఏమీ మాట్లాడలేదు. మా అల్లుడు తమిళుడని మీ అందరికీ తెలుసు.

రైల్వేలో గుమాస్తాగా మా ఉద్యోగమంతా రూల్సు పుస్తకాలతోనే గడిచింది. బోర్డు నుంచి కరెక్షన్ స్లిప్పులు వస్తాయి. వాటిని కత్తిరించి, గమ్ రాసి, పుస్తకంలో ఏ పేరా మారిందో అక్కడ అతికించడం మా పని. అందుకని ఒక పిల్లలాట రూల్సు ఎట్లా మారినాయో తెలుసుకుందామనిపించింది. పదిహేను రోజులు మనవరాలే టీచరు, మేమిద్దరం విద్యార్థులం. తెలుసుకున్నది రాస్తున్నాము. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నవి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

ముందు ఆట ఎట్లా ఉంటుందో చెప్పాలి. దీనికి పలక లేదు, గెలుపు ఓటములు లేవు. నలుగురైదుగురు చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. మన వీధి నాటకంలో సూత్రధారుడు అనుకోండి. మిగతావారు తలా ఒక పాత్ర. "మీ ముందు పాడుబడిన కోట ఉంది, లోపల వెలుతురు కనిపిస్తున్నది, ఏం చేస్తారు?" అని సూత్రధారుడు అడుగుతాడు. ఒకరు గోడ ఎక్కుతాననవచ్చు, ఒకరు తలుపు తడతాననవచ్చు. గోడ ఎక్కగలడా, జారి పడతాడా అనే అనుమానం వచ్చినచోట పాచిక వేస్తారు. ఆ పాచికకు 20 ముఖాలు. ఎంత పడితే పని జరిగినట్టు అన్నది రూల్సు పుస్తకం చెప్తుంది. అంటే కథ నోటిది, తీర్పు పుస్తకానిది. అందుకే ఈ ఆటలో పుస్తకం మారితే అంత గొడవ.

దీని వంశవృక్షం వెనక్కి పట్టుకుంటూ పోతే మన దేశానికే వస్తుంది. చతురంగం ఇక్కడినుంచి పారసీకులకు, అరబ్బులకు, అక్కడినుంచి యూరోపుకు పోయింది. మన ఆటలో మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. 15వ శతాబ్దం చివర యూరోపులో ఆ మంత్రి రాణిగా మారి, పలక ఈ కొస నుంచి ఆ కొసకు పోయే శక్తి సంపాదించుకున్నది. ఒక్క రూలు మారితే ఆట మొత్తం మారిపోతుందనడానికి ఇంతకన్నా ఉదాహరణ వద్దు. 1780లో జర్మనీలోని బ్రన్స్‌విక్‌లో హెల్విగ్ అనే ఆయన చదరంగాన్ని పెంచి యుద్ధవిద్య నేర్పే ఆట చేసినాడు. 1824లో ప్రష్యా సైన్యంలో రైస్విట్స్ అనే అధికారి, పటం మీద సైన్యాలను కదిపి మధ్యవర్తి తీర్పు చెప్పే ఆట తెచ్చినాడు. 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ బొమ్మ సైనికులతో ఆడే ఆటకు రూల్సు పుస్తకం రాసినాడు. ఆ బొమ్మ సైనికుల ఆటలే అమెరికా చేరినాయి.

అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో లేక్ జెనీవా అనే చిన్న ఊరు. అక్కడ గ్యారీ గైగాక్స్ అనే ఆయన ఇన్సూరెన్సు ఉద్యోగం పోయి, ఇంట్లో చెప్పులు బాగుచేసుకుంటూ సంసారం గడిపేవాడు. మధ్యయుగపు యుద్ధాల బొమ్మలాట కోసం జెఫ్ పెరెన్‌తో కలిసి 1971లో 'చెయిన్‌మెయిల్' అనే రూల్సు పుస్తకం వేసినాడు. పక్క రాష్ట్రం మిన్నెసోటాలో డేవ్ ఆర్నెసన్ అనే చరిత్ర విద్యార్థి ఆ రూల్సు తీసుకుని కొత్త పని చేసినాడు. ఒక్కొక్క ఆటగాడికి ఒక సైన్యం బదులు ఒక మనిషినే ఇచ్చినాడు. ఆ మనిషి ఈ వారం చేసినదాన్ని గుర్తు పెట్టుకుని వచ్చే వారం అక్కడినుంచి మొదలుపెట్టాలి. బ్లాక్‌మూర్ అనే కోట, దాని కింద సొరంగాలు. ఈ ఆటను లేక్ జెనీవాకు తెచ్చి గైగాక్స్‌కు చూపించినాడు. ఆర్నెసన్ నోట్సు కొన్ని పేజీలే. గైగాక్స్ వాటిని పెంచి రూల్సుగా రాసినాడు.

అచ్చు వేసేవారు దొరకలేదు. 1973లో గైగాక్స్ తన చిన్ననాటి స్నేహితుడు డాన్ కేతో కలిసి టి.ఎస్.ఆర్. అనే సంస్థ పెట్టినాడు. బ్రయన్ బ్లూమ్ డబ్బు పెట్టి మూడో భాగస్వామి అయినాడు. 1974లో మూడు చిన్న పుస్తకాలు ఒక పెట్టెలో పెట్టి, 1000 పెట్టెలు, ఒక్కొక్కటి 10 డాలర్లకు అమ్మినారు. పెట్టెలు ఇంట్లోనే చేతులతో సర్దినారు. ఏడాదిలోగా అన్నీ అయిపోయినాయి. కానీ ఆ రూల్సు పుస్తకం చూస్తే మన పైఅధికారులు తల పట్టుకునేవారు. యుద్ధం చేయాలంటే ఇంకో పుస్తకం చెయిన్‌మెయిల్ కావాలి. అడవిలో తిరగాలంటే ఇంకో కంపెనీ వారి ఆట పలక కొనుక్కోవాలి. కత్తి అయినా గదా అయినా దెబ్బకు ఒకే పాచిక. మనిషి, ఎల్ఫ్, మరుగుజ్జు, హాబిట్ అని నాలుగు జాతులు. హాఫ్-ఎల్ఫ్ లేదు.

మరుసటి ఏడాది, 1975లో 'గ్రేహాక్' అనే అనుబంధం వచ్చింది. మా భాషలో ఇది మొదటి కరెక్షన్ స్లిప్పు. ఒక్కొక్క ఆయుధానికి ఒక్కొక్క పాచిక అయింది. దొంగ అనే వృత్తి చేరింది. హాఫ్-ఎల్ఫ్ కూడా చేరింది ఇందులోనే. ఆ మాట విని మా పిల్ల "అయితే నేను 1975లో పుట్టినాను" అన్నది.

అనుబంధం మీద అనుబంధం వచ్చేసరికి ఏ రూలు ఎక్కడుందో ఎవరికీ తెలియని పరిస్థితి. పైగా టోల్కీన్ నవలల హక్కుదారుల వైపునుంచి అభ్యంతరం వచ్చింది. హాబిట్ అనే పేరు తీసేసి హాఫ్లింగ్ అని పెట్టినారు. 1977లో ఎరిక్ హోమ్స్ అనే నరాల వైద్యుడు కొత్తవారికి అర్థమయ్యేటట్టు ఒక బేసిక్ పెట్టె తయారుచేసినాడు. అదే సంవత్సరం నుంచి గైగాక్స్ 'అడ్వాన్స్‌డ్' అనే పేరుతో పెద్ద పుస్తకాలు వేయడం మొదలుపెట్టినాడు. 1977లో రాక్షసుల, జంతువుల పుస్తకం. 1978లో ఆటగాళ్ళ పుస్తకం. 1979లో సూత్రధారుడి పుస్తకం. ఈ మూడు పుస్తకాల పద్ధతి ఈరోజు వరకు మారలేదు.

1977 పుస్తకంలో 'రాక్షస' అనే పేరుతో మన రాక్షసుడు కూడా ఉన్నాడు. మన పురాణాల రూపం మాత్రం కాదు. పులి తల, ఒంటి మీద దొరల కోటు, నోట్లో పొగ గొట్టం. మంత్రించిన బాణం తగిలితే చస్తాడు. ఒక అమెరికన్ టీవీ సీరియల్‌లో చూసిన రాక్షసుడి నుంచి ఈ ఊహ వచ్చింది. అంతకు ముందే 1976 అనుబంధంలో మన దేవతలను కూడా చేర్చి, వారికి కూడా అంకెలు వేసినారు. ఇంద్రుడికి ఇంత బలం, అగ్నికి ఇంత బలం అని. చూసి మా ఇంటామె చెంపలు వేసుకున్నది.

ఆ 'అడ్వాన్స్‌డ్' అనే ఒక్క మాట వెనక ఒక వ్యాజ్యం ఉంది. 1974 ఆటకు ఆర్నెసన్ సహరచయిత. అమ్మిన ప్రతి ప్రతికీ ఆయనకు రాయల్టీ రావాలి. కొత్త పెద్ద పుస్తకాలు వేరే ఆట అని, వాటికి ఆయనకు ఏమీ రాదని కంపెనీ అన్నది. 1979లో ఆర్నెసన్ కోర్టుకు పోయినాడు. 1981లో రాజీ అయింది. రూల్సు బాగుచేయడమనేది ఒక్కొక్కసారి పేరు చెరపడానికి కూడా పనికి వస్తుందని ఈ కేసు చెప్తుంది. విచిత్రమేమంటే నాలుగేళ్ళకు అదే గతి గైగాక్స్‌కు పట్టింది. 1985లో వాటాల గొడవలో కంపెనీ లొరెయిన్ విలియమ్స్ చేతికి పోయింది. తాను పెట్టిన కంపెనీ నుంచి ఆయన బయటికి రావలసి వచ్చింది. 1989లో రెండో కూర్పు వచ్చినప్పుడు దాన్ని రాసింది డేవిడ్ కుక్ బృందం. మొదటివాడి చెయ్యి అందులో పడలేదు.

ఇప్పుడు 1978 పుస్తకంలోని కొన్ని రూల్సు చూడండి. ఆడ పాత్ర బలానికి హద్దు మగ పాత్ర కన్నా తక్కువ. మనిషి కాని జాతులవారు చాలా వృత్తుల్లో కొంత మెట్టు దాకానే ఎక్కగలరు, ఆ పైన ప్రమోషన్ లేదు. మనుషులకు మాత్రం హద్దు లేదు. హాఫ్-ఎల్ఫ్ కూడా ఈ హద్దుల లోపలివాడే. ఇవన్నీ రాసినవారికి అన్యాయమని తోచలేదు. లోకం అట్లాగే ఉంటుందనుకున్నారు. 1989 కూర్పులో ఆడవారి బలం మీద హద్దు తీసేసినారు. జాతుల ప్రమోషన్ హద్దు 2000లో గానీ పోలేదు.

రెండో కూర్పులో తీసేసినవి ఇంకా ఉన్నాయి. 1979లో మిషిగన్‌లో ఒక విద్యార్థి కనిపించకుండా పోతే పత్రికలు ఈ ఆటను ఆడిపోసుకున్నాయి. కారణం అది కాదని తేలినా భయం పోలేదు. ఈ ఆట పిల్లలకు దెయ్యాల పూజ నేర్పుతుందని 1980లంతా కొన్ని చర్చి సంఘాలు, తల్లిదండ్రుల సంఘాలు ప్రచారం చేసినాయి. అందుకని 1989 పుస్తకంలో దెయ్యం, భూతం అనే ఇంగ్లీషు పేర్లు తీసేసినారు. కొన్నాళ్ళకు అవే భూతాలు నోరు తిరగని పేర్లతో మళ్ళీ వచ్చినాయి. హంతకుడు అనే వృత్తి పోయింది. హాఫ్-ఆర్క్ అనే జాతి, అంటే సగం మనిషి సగం ఆర్క్, ఆటగాళ్ళ పుస్తకంలోనించి పోయింది. పదకొండేళ్ళ తర్వాత 2000లో హాఫ్-ఆర్క్ తిరిగి వచ్చినాడు. దెయ్యాల పాత పేర్లు కూడా వచ్చినాయి. భయపడి తీసినది భయం తగ్గినాక తిరిగి వస్తుంది. మధ్యలో ఆ పదకొండేళ్ళు హాఫ్-ఆర్క్ ఆడినవాడి సంగతేమిటని మా పిల్ల అడిగింది. పాత పుస్తకం పెట్టుకుని ఆడి ఉంటాడని చెప్పినాము.

1997 నాటికి టి.ఎస్.ఆర్. అప్పుల్లో మునిగింది. 'మ్యాజిక్' అనే కార్డుల ఆటతో సంపాదించిన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ అనే కంపెనీ దాన్ని కొన్నది. 1999లో ఆ కంపెనీని బొమ్మల కంపెనీ హాస్బ్రో కొన్నది. విజర్డ్స్ అధిపతి పీటర్ ఆడ్కిసన్ ఒక మంచి పని చేసినాడు. ఆర్నెసన్‌కు డబ్బు ఇచ్చి లెక్క తీర్చి, 'అడ్వాన్స్‌డ్' అనే మాటను పేరులోనించి తీసేసినాడు. 2000లో మూడో కూర్పు వచ్చింది. జొనాథన్ ట్వీట్, మాంటీ కుక్, స్కిప్ విలియమ్స్ దాని రూపకర్తలు.

ఆ కూర్పులో లెక్క తిరగబడింది. పాత పద్ధతిలో కవచం అంకె ఎంత తక్కువైతే అంత మంచిది. దాడి చేసేవాడికి 'థాకో' అని ఒక అంకె. థాకో 15, ఎదుటివాడి కవచం 4 అయితే, 15లోనించి 4 తీసేసి, పాచిక మీద 11 గానీ అంతకు పైన గానీ పడాలి. కవచం సున్నా కన్నా కిందికి పోతే తీసివేత కూడికగా మారుతుంది. పిల్లలు తికమకపడేవారు. 2000 తర్వాత కవచం అంకె ఎంత ఎక్కువైతే అంత మంచిది. కవచం 16, దాడికి కలుపుకునేది 5 అయితే, పాచిక మీద 11 పడితే 5 కలిపి 16, దెబ్బ తగిలినట్టే. రెండు పద్ధతుల్లోనూ కావలసింది 11. ఫలితం మారలేదు, లెక్క సులువైంది. సవరణ అంటే ఇట్లా ఉండాలని మాకు తోచింది.

ఆ ఏడాదే ఇంకొక పెద్ద పని జరిగింది. ఆట మూల నియమాలను ఇతరులు కూడా వాడుకుని సొంత పుస్తకాలు వేసుకోవచ్చని కంపెనీ ఒక బహిరంగ లైసెన్సు ఇచ్చింది. ఇంగ్లీషులో దాన్ని ఓ.జి.ఎల్. అంటారు. దాని మీద ఆధారపడి చిన్న చిన్న ప్రచురణకర్తలు పుట్టుకొచ్చినారు.

అక్కడికి బాగానే ఉంది. 2003లో, మూడేళ్ళు తిరగకుండానే, సవరించిన పుస్తకాలు వచ్చినాయి. దాన్ని 3.5 అంటారు. మార్పులు వందల కొద్దీ చిన్నవి. కొత్త కూర్పు అనడానికి లేదు, పాతదే అనడానికీ లేదు. మూడు పుస్తకాలు మళ్ళీ కొనాలా అని ఆటగాళ్ళు విసుక్కున్నారు. పాత రూల్సుకు రాసిన పుస్తకాలు చిన్న ప్రచురణకర్తల గోదాముల్లో ఉండిపోయినాయి.

2008లో నాలుగో కూర్పు. ఇది సవరణ కాదు, ఇంటిని పడగొట్టి కట్టినట్టు. ప్రతి వృత్తికీ ఒకే అచ్చులో శక్తుల జాబితాలు. యుద్ధం గడుల పలక మీద లెక్కగా సాగుతుంది. కొందరికి బాగా నచ్చింది. చాలామందికి ఇది కంప్యూటర్ ఆటలాగుంది, మా ఆట కాదు అనిపించింది. ఆటగాళ్ళ మొదటి పుస్తకంలో నోమ్ అనే పొట్టి జాతి, మన హాఫ్-ఆర్క్ మళ్ళీ మాయం. మరుసటి ఏడాది ఇంకో పుస్తకం కొంటే అందులో ఉన్నారు. లైసెన్సు షరతులు కూడా బిగించినారు. అప్పుడు పైజో అనే చిన్న సంస్థ, 2000 నాటి బహిరంగ లైసెన్సు ఇంకా చెల్లుతుంది గనుక, 3.5 రూల్సునే సరిదిద్ది 2009లో 'పాత్‌ఫైండర్' అనే పేరుతో వేసింది. పాత ఆటగాళ్ళు చాలామంది అటు పోయినారు. కొంతకాలం అసలు ఆట కన్నా అది ఎక్కువ అమ్ముడుపోయింది. ఆ మధ్యలోనే గైగాక్స్ 2008 మార్చిలో, ఆర్నెసన్ 2009 ఏప్రిల్‌లో కాలం చేసినారు.

దెబ్బ తిన్న కంపెనీ బుద్ధి తెచ్చుకున్నది. ఐదో కూర్పు అచ్చు వేయకముందు 2012 నుంచి రెండేళ్ళపాటు ముసాయిదా రూల్సు జనానికి ఇచ్చి, ఆడి చూసి చెప్పమన్నది. లక్షకు పైగా ఆటగాళ్ళు పాల్గొన్నారు. మైక్ మెర్ల్స్, జెరెమీ క్రాఫర్డ్ ఆ పని నడిపినారు. 2014లో వచ్చిన ఆ పుస్తకం ఈ ఆట చరిత్రలోనే ఎక్కువగా అమ్ముడుపోయిన కూర్పు అయింది. మా మనవరాలు చెన్నైలో కూర్చుని ఈ ఆట నేర్చుకున్నదీ ఆ పుస్తకంతోనే.

అడిగి చేసినప్పుడు మంచి జరిగిందని తెలిసి కూడా, 2023 జనవరిలో తప్పు మళ్ళీ జరిగింది. 2000 నాటి బహిరంగ లైసెన్సును రద్దు చేసి కొత్త షరతులు పెట్టాలని కంపెనీ రాసుకున్న ముసాయిదా బయటికి పొక్కింది. ఏడాదికి 7,50,000 డాలర్లకు పైగా రాబడి ఉన్నవారు రాయల్టీ కట్టాలని అందులో ఉంది. 23 ఏళ్ళుగా ఆ మాట నమ్మి బతికినవారు ఒక్కసారిగా లేచినారు. ఆటగాళ్ళు కంపెనీకి కట్టే నెలసరి చందాలు మానుకున్నారు. నెల తిరగకుండానే కంపెనీ దిగివచ్చింది. జనవరి 27న సుమారు 400 పేజీల మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద, ఇక వెనక్కి తీసుకోవడానికి వీలులేని విధంగా, లోకానికి ఇచ్చేసింది.

ఆ తర్వాత వచ్చినవే ఈ 2024 పుస్తకాలు. ఆట పుట్టి 50 ఏళ్ళు నిండిన సంవత్సరం. ఆటగాళ్ళ పుస్తకం సెప్టెంబరులో, సూత్రధారుడి పుస్తకం నవంబరులో, రాక్షసుల పుస్తకం 2025 ఫిబ్రవరిలో. ఆరో కూర్పు అని పేరు పెట్టలేదు. పాత కథలు వీటితో ఆడుకోవచ్చన్నారు. ఆటగాళ్ళ పుస్తకం 384 పేజీలు, 12 వృత్తులు, 10 జాతులు. 'రేస్' అనే మాట తీసేసి 'స్పీషీస్' అన్నారు. ఇంకో పెద్ద మార్పు ఉంది. 2014 పుస్తకంలో పాత్రకు అదనపు బలం, తెలివి పుట్టిన జాతిని బట్టి వచ్చేవి. 2024లో అవి పెరిగిన తీరును బట్టి వస్తాయి. పొలంలో పెరిగినవాడికి ఒక రకం, గుమాస్తాగిరీ చేసినవాడికి ఒక రకం. పుట్టుక ఏదైనా సరే.

మరి హాఫ్-ఎల్ఫ్ ఎందుకు పోయినట్టు? 'సగం' అని పిలవడమే మనిషిని తక్కువ చేయడమని రూపకర్తలకు తోచింది. ఆర్క్‌లను పూర్తి జాతిగా పుస్తకంలోకి తెచ్చినారు. హాఫ్-ఎల్ఫ్, హాఫ్-ఆర్క్ రెండూ తీసేసినారు. చెడు ఉద్దేశం లేదు. కానీ మా పిల్ల ఏమన్నదో వినండి. "సగం అనే పేరు వద్దంటే వేరే పేరు పెట్టాల తాతా. మనిషినే తీసేస్తారా?" మాకు జవాబు దొరకలేదు.

జవాబు దొరకకపోవడానికి వేరే కారణం కూడా ఉంది. మన సంఘం నియమావళి మూడో నిబంధన గుర్తుందా? సభ్యత్వానికి, పిల్లల చదువు సహాయానికి అర్హులు తండ్రి వైపున మన వంశంవారై ఉండాలి. వేరేవారిని పెళ్ళి చేసుకున్న ఆడపిల్లల బిడ్డలు రారు. సంఘం రిజిస్టరు చేసినప్పుడు, చేతిరాత బాగుంటుందని శుద్ధప్రతి మా చేతనే రాయించినారు. ఆ వాక్యం మా చేతి రాత. రాసేటప్పుడు మాకూ అన్యాయమని తోచలేదు. లోకం అట్లాగే ఉంటుందనుకున్నాము. నాలుగేళ్ళ కిందట ఒక సభ్యురాలు దాన్ని మార్చమని అడిగితే, పెద్దలు రాసినది అని చెయ్యెత్తి వ్యతిరేకించినవారిలో మేమూ ఉన్నాము. పెద్దలు రాసినది కాదు, మేము రాసినదే.

మా మనవరాలికి ఈ నిబంధన తెలుసు. రెండేళ్ళ కిందట చదువు సహాయానికి దరఖాస్తు పెడతానంటే, కుదరదమ్మా అని మేమే చెప్పినాము. ఆ రోజు ఏమీ అనలేదు. ఒక ఆట పుస్తకం గురించి చెప్పినట్టు చెప్పి, ఆ రాత్రి అన్నాల దగ్గర అన్నది.

కొత్తదంతా మంచిదని మేము చెప్పడం లేదు. 2003, 2008, 2023 చూసినాము కదా. అడగకుండా మార్చితే ఆడేవారు లేచిపోతారు. మన సంఘంలో కూడా రాత్రికి రాత్రి నియమావళి మొత్తం తిరగరాయాలనేవారు ఉన్నారు. దానికి మేము ఒప్పుకోము. పాత సభ్యుల హక్కు ఒక్కటి కూడా పోకూడదు. కానీ కొంతమందికి బలం తక్కువ, కొంతమందికి ప్రమోషన్ లేదు అని రాసిన రూలును తీసేసినందువల్ల ఈ 50 ఏళ్ళలో ఆ ఆట ఏమీ పోగొట్టుకోలేదు. ఆడేవారు పెరిగినారు. మనకు ఏటా సభ్యులు తగ్గుతున్నారు. తెలుగు మాట్లాడే పిల్లలు ఇంకా తక్కువ. మా ఇంట్లో తెలుగులో అలిగే పిల్ల ఒక్కతే ఉంది. మన రూలు ప్రకారం అది మన పిల్ల కాదు.

అందుకని మూడో నిబంధనలో 'తండ్రి వైపున' అన్నచోట 'తండ్రి వైపున గానీ తల్లి వైపున గానీ' అని మార్చాలని సవరణ ప్రతిపాదన మా చేతులతోనే రాసి కార్యదర్శిగారికి ఇచ్చినాము. ఇంకేమీ మార్చమనలేదు. వ్యతిరేకించేవారు వచ్చి వ్యతిరేకించండి. కోపం తెచ్చుకోము. నిన్నటిదాకా మేము కూడా అటువైపే కూర్చున్నాము.

చివరగా ఒక మాట. పాత పుస్తకంలోని జాతులను కొత్త రూల్సుతో కలిపి ఆడుకోవచ్చని ఆ కొత్త పుస్తకమే ఒకచోట చెప్తుంది. అది మా పిల్లకు చూపించినాము. పాత పుస్తకంలోని హాఫ్-ఎల్ఫ్ సంగతులు ఒక చిన్న కాగితం మీద తానే రాసుకున్నది. అతికించే పని మాది. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా హెడ్ క్లర్కుగారు నేర్పినట్టు, ఒక్క అంచుకు మాత్రమే గమ్ రాసినాము. అప్పుడు కాగితం ఎత్తితే కింద ఏముందో చదువుకోవచ్చు. పైన ఎర్ర సిరాతో తేదీ వేసి 'కరెక్షన్ స్లిప్పు నంబరు 1' అని రాసినాము. అది చూసి నవ్వి, పుస్తకం సంచిలో పెట్టుకుని చెన్నైకి పోయింది.

ఆదివారం పది గంటలకు కల్యాణ మండపంలో కలుద్దాము. తప్పక రండి.